చప్పుడు రాని సోడా

రోజు 6,218

గాలి పుస్తకంలో ఎడమ పేజీ అంకెలకి, కుడి పేజీ వ్యాఖ్యలకి. పదిహేడేళ్లుగా కుడి పేజీలో ‘ఏమీ లేవు’ అని రాస్తూ వచ్చాను. ఇవాళ్టి నుంచి ఉన్నాయి. పై అధికారులెవరైనా చదివి ఇదేమిటని అడిగితే అడగనీ. ఇన్నేళ్లలో ఈ పుస్తకాన్ని నేను తప్ప ఇంకొకరు తెరిచిన పాపాన పోలేదు.

ప్రాణవాయువు సరిగ్గా ఉంది. బొగ్గుపులుసు వాయువు హద్దులోనే ఉంది. ఒత్తిడి ఎప్పట్లాగే పైనున్న గాలికి నాలుగింతలు. అంటే అడుగూరు గోడలు బాగున్నాయి, ముప్ఫై మీటర్ల సముద్రం బయటే ఉంది, మేం నాలుగు వందల పన్నెండు మందిమీ లోపలే ఉన్నాం.

బాగాలేనిది పైడమ్మ. ఆవిడ నా భార్య. గొంతులో ఏదో అడ్డం పడుతోందని ఆర్నెల్లుగా అంటుంటే, నాచు కూర తినలేక వంకలు పెడుతోందని వెక్కిరించాను. ఇవాళ డాక్టర్ శార్వాణి గారు నన్ను పక్కకి పిలిచారు.

“గొంతులో గడ్డ పెరుగుతోంది ఎల్లాజీ గారూ. ఇక్కడ దానికి వైద్యం లేదు.”

“పైకి తీసుకెల్లిపోతానమ్మా.”

“పైకి వెళ్లాలంటే ఒత్తిడి దింపే గదిలో నాలుగు రోజులుండాలి. ఆవిడ ఊపిరితిత్తుల్లో అప్పుడే నీరు చేరుతోంది. మొదటి రోజు కూడా తట్టుకోలేరు. ఆ మాట ఆవిడకీ చెప్పాను. సరే, ఇక్కడే ఉంటానన్నారు.”

“ఎన్నాల్లమ్మా?”

“మహా అయితే రెండు మూడు వారాలు మింగగలరు. ఆ తర్వాత ఎక్కువ రోజులు ఉండరు. ఏది అడిగితే అది పెట్టండి.”

ఇంటికొచ్చాను. పైడమ్మ మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని, నా ముఖం చూసి నవ్వింది.

“అలా ఏలాడేసుకొచ్చావేటి మావా మొకం? సచ్చిపోతంది నానా, నువ్వా?”

“ఏటి తింటావే?” అన్నాను.

“ఏది తిన్నా మట్టే. అన్నం మట్టి, కూర మట్టి, ఆకరికి పంచదార కూడా మట్టే. నాలిక సచ్చిపోనాది. సోడా తాగాలనుంది. మా నాన్న కొట్టిన సోడా. నాలిక్కి సురుక్కుమని, ముక్కులోకెక్కి, కల్లంట నీల్లు రావాల. అదొక్కటైతే నాకు తెలుస్తాదనిపిస్తంది.”

వాళ్ల నాన్న భీమిలి బస్టాండు దగ్గర సోడా బండి నడిపిన అప్పలకొండ. పైన ఎండలు మనుషుల్ని ఉండనిచ్చిన రోజుల్లో ఊరంతా ఆయన్ని సోడా అప్పలకొండ అనేది. నేను పెళ్లికి ముందు పైడమ్మని చూడ్డానికి రోజుకి మూడు సోడాలు తాగి కడుపు ఉబ్బించుకున్నవాణ్ణి. అడుగూర్లో సోడా ఎప్పుడూ లేదు. నీళ్లు, టీ, నాచు కషాయం, అంతే.

“నాను సేస్తాను,” అన్నాను.

“నువ్వా? నీకు టీ కాయడమే రాదు.”

నిజమే. కానీ టీ సంగతి నా తప్పు కాదు. ఈ ఒత్తిడిలో నీళ్లు మరగాలంటే కాగీ కాగీ ఎప్పటికో మరుగుతాయి, ఆ వేడికి టీ పొడి మాడిన వాసనేస్తుంది. అన్నం మాత్రం మామూలు గిన్నెలో పెట్టినా కుక్కర్లో పెట్టినట్టే ఉడుకుతుంది.

రోజు 6,219

అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి.

డ్యూటీ దిగగానే వంటశాలకి వెళ్లి తినే సోడా, నిమ్మ ఉప్పు అడిగి తెచ్చాను. గ్లాసు నీళ్లలో చిటికెడు అదీ, చిటికెడు ఇదీ వేశాను. చిన్నప్పుడు ఇలా కలిపితే గ్లాసు దాటి పొంగి చొక్కా తడిసేది. ఇక్కడ తెల్లగా అడుగుకి దిగి, బుద్ధిగా కరిగి ఊరుకుంది. ఇంతలో డాక్టర్ గారు చూశారు. ఊపిరితిత్తుల్లో నీరు పెరుగుతుంది కాబట్టి ఉప్పులేవీ పోయొద్దని చెప్పి, గ్లాసు నా చేతిలోంచి తీసేసుకున్నారు.

“అది సోడా కాదు మావా, అజీర్తి మందు,” అంది పైడమ్మ. “రొట్టిల్లోకేసే ఈస్టు తే. సీసాడు గోరెచ్చటి నీల్లు, ఓ సెంచాడు పంచదార, సిటికెడు ఈస్టు. మూత బిగించి ఎచ్చటి సోట పెట్టు. ఈస్టు పంచదార తిని గేసు ఒగ్గుతాది, అది ఎటెల్లడానికీ దారి నేక నీల్లలోనే కరుగుతాది. మిషను పాడైనప్పుడు మా నాన్న ఇంట్లో అలాగే సేసీవోడు.”

“అయిందని ఎలా తెలుస్తాది?”

“సీసా నొక్కి సూడు. మొదట మెత్తగుంటాది. గేసు నిండితే రాయిలాగ్గా అయిపోద్ది. అప్పుడు మూత తియ్యి. తుస్సుమనడం పెతీ సీసా అంటాది, అది నెక్క కాదు. ఆ తరవాత నీల్లు సిటపటలాడాల. సీసా మూతి కాడ సెవెట్టి ఇను. బుడగలు సిటపటమంటా పైకొస్తంటే అది సోడా. సప్పుడు నేకపోతే పారబోసీ. మా నాన్న ఏనాడూ నోట్లో ఏసి సూళ్లేదు. అమ్మే సరుకు ఎంగిలి సేస్తామా అనీవోడు. సెవితోనే సెప్పీసీవోడు.”

ఆ సంగతి నాకూ గుర్తే. అప్పలకొండ సీసా చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. నచ్చకపోతే ఎదురుగా ఎంతమంది నిలబడి ఉన్నా సీసా మొత్తం కాలవలో వంచేసేవాడు. ఆ బస్టాండులో ఆయన సోడా బాగాలేదన్న మనిషిని నేను చూడలేదు.

“నువ్వు కూడా రుసి సూడకు,” అంది పైడమ్మ. “నాకిచ్చీ సీసా ఎంగిలి సెయ్యనని ఒట్టెయ్యి.”

ఆవిడ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను.

రోజు 6,221

రొట్టెల బట్టీలోంచి కాగితంలో మడిచిన ఈస్టు సంపాదించాను. సీసాల కోసం డాక్టర్ గారిని అడిగితే తిప్పే మూతలున్న ఖాళీ ప్లాస్టిక్ సెలైన్ సీసాలిచ్చారు. ఎందుకని అడగలేదు, మంచి మనిషి. పంచదార నా వాటాలోంచి, అల్లం పొడి కొంచెం వంటశాల నుంచి.

రెండు సీసాలు కలిపి, గాలి యంత్రం వెనక వెచ్చగా ఉండే గూట్లో పెట్టాను. అక్కడ పని చేస్తూ ఈల వేయబోయి నాలిక్కరుచుకున్నాను. ఈ ఒత్తిడిలో పెదాల మధ్య గాలి ఈలగా మారదు. పదిహేడేళ్లయినా నా నోటికి ఆ సంగతి ఎక్కలేదు. చాలా రోజుల తర్వాత సంతోషంగా ఉన్నాననుకుంటాను.

పైడమ్మ ఇవాళ గరిటెడు గంజి మింగింది.

రోజు 6,223

సీసాలు రాయిలా బిగిశాయి. ఇద్దరం పండగలా తయారయ్యాం. పైడమ్మ జుట్టు దువ్వమంది, దువ్వాను. మంచం పక్కన కూర్చుని మూత తిప్పాను. తుస్సుమంది.

తర్వాత ఏమీ లేదు. నీళ్లు బావిలో నీళ్లలా కదలకుండా ఉన్నాయి. చెవి పెట్టాను. ఏమీ వినపడలేదు. పైడమ్మ చెవికి ఆనించాను. కళ్లు మూసుకుని చాలాసేపు వింది. వాళ్ల నాన్నే కూర్చున్నట్టు ఉంది.

“సప్పుడు రానేదు,” అంది. “పారబోసీ.”

“కుసింత నోట్లో ఏసుకు సూడరాదా?”

“సోడా అప్పలకొండ కూతురు సప్పుడు నేని సోడా తాగుద్దా? పారబోసీ మావా. మల్లీ సేద్దాం.”

రెండో సీసా కూడా అంతే. పంచదార నీళ్లు కాలవలో పోస్తే నీళ్లు శుద్ధి చేసే యంత్రంలో జిగురు పడుతుంది. అందుకని తీపి నీళ్లు, గంజి, మిగిలిన కషాయం అన్నీ పట్టుకెళ్లడానికి కొర్లమ్మ ఉంది. వాటిని నాచు తోటల వైపు తీసుకెళ్తుంది. ఆవిడ తెచ్చిన ఖాళీ క్యానులో రెండు సీసాలూ వంచేశాను.

రోజు 6,226

ఈసారి మూడు సీసాలు. కావలసినంత బిగిశాయి. మూత తిప్పితే మళ్లీ అదే వరస. చప్పుడు లేదు. పైడమ్మ ముఖం తిప్పుకుంది. మూడూ కొర్లమ్మ క్యానులోకి పోయాయి.

మా గాలి విభాగానికి ఇంజినీరు త్రినాథ్ గారు. నాకంటే ఇరవై ఏళ్లు చిన్న, కానీ చదువుకున్న మనిషి. సీసా సంగతి చెప్పకుండా, నీళ్లలో గ్యాసు బుడగలు ఎందుకు రావని ఊరికే అడిగినట్టు అడిగాను.

“ఇక్కడెలా వస్తాయి? పైన గాలి ఒక వంతు నొక్కితే ఇక్కడ నాలుగు వంతులు నొక్కుతోంది. మూత తీసినా ఆ ఒత్తిడికి గ్యాసు నీళ్లలోనే ఉండిపోతుంది, బుడగై పైకి రాదు. బుడగలు కావాలంటే నాలుగు వంతుల్ని మించిన గ్యాసు పట్టించాలి. లేదా ఒత్తిడన్నా తగ్గించాలి. ఎందుకు అడుగుతున్నారు?”

“ఊరికే బాబూ.”

ఆయన నా ముఖం చూశారు గానీ ఇంకేం అడగలేదు.

పైడమ్మ ఇవాళ గంజి సగం గరిటె దగ్గరే ఆపేసింది. మింగేటప్పుడు నా చెయ్యి పట్టుకుంటుంది. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత నొప్పి అన్నమాట. నోటితో చెప్పదు.

రోజు 6,229

ఇవాళ చేసిన పని నా ఉద్యోగం తీయించేదే.

మొన్న నాలుగు సీసాలు పెట్టాను. వాటిలో ఒకటి పట్టుకుని సరుకుల గొట్టం దగ్గరికి వెళ్లాను. పై నుంచి వచ్చే మందులూ, పోయే నాచు మూటలూ దాంట్లోంచే వస్తాయి, పోతాయి. మనుషులుండరు కాబట్టి దాని ఒత్తిడి నిమిషాల్లో పైకీ కిందికీ చేయొచ్చు. తాళం గాలి మనిషి దగ్గర, అంటే నా దగ్గరే ఉంటుంది. సీసా మూత వదులు చేసి లోపల నిలబెట్టాను. తలుపు మూసి, ఒత్తిడి దింపి, గుండ్రటి అద్దంలోంచి చూశాను.

పొంగింది. అడుగు నుంచి దారాలు దారాలుగా బుడగలు లేచి, నురగ మూత పక్కనుంచి కిందికి కారింది. పదిహేడేళ్ల తర్వాత చూశాను సోడా బుడగల్ని. మందపాటి తలుపు వల్ల చప్పుడు వినపడలేదు. అద్దానికి చెంప ఆనించి నురగ ఆగిపోయేదాకా అలాగే చూస్తూ నిలబడ్డాను, ఏడ్చాను కూడా.

మళ్లీ ఒత్తిడి ఎక్కించి సీసా పట్టుకుని పరిగెత్తాను. ఇంటికెళ్లి చెవి పెడితే ఏముంది, మామూలే.

“నా కల్లతో సూసానే. పొంగి పొర్లింది. సప్పుడు ఆడే అయిపోనాది. ఇది మంచి సీసా, తాగు,” అని బతిమాలాను.

నా కోసం ఒప్పుకుంది. రెండు చెంచాలు తాగింది. మింగేటప్పుడు నా చెయ్యి నలిగిపోయింది.

“సప్పగుంది మావా.”

“కుసింతైనా...”

“పంచదార నీల్లు. మట్టే.” నా ముఖం చూసి జాలిపడింది. “అదిగో, అందుకే మా నాన్న పారబోసీమనీవోడు. సప్పుడు నేకపోతే సోడాయే కాదు.”

ఇంక అనుమానమే లేదు. బుడగల్లేని సోడా చప్పిడి నీళ్లేనని ఆవిడ నాలుకే చెప్పింది. మిగిలిన మూడు సీసాలూ ఆవిడకి చూపించకుండానే కొర్లమ్మ క్యానులో పోసేశాను. బుడగలు ఇక్కడే, ఆవిడ మంచం పక్కనే రావాలి. నాలుగు వంతుల్ని మించిన గ్యాసు పట్టించాలి.

రోజు 6,230

సీసాకి మూడు చెంచాల పంచదార. ఈస్టు రెట్టింపు. మూడు సీసాలు. మూతల చుట్టూ తీగ బిగించాను. వారం రోజులుగా టీ చక్కెర లేకుండా తాగుతున్నానని వంటశాలలో నవ్వుతున్నారు. నవ్వనీ.

డాక్టర్ గారు పైడమ్మ గొంతు చూసి, వారం అన్నారు. మంచి నీళ్లు కూడా చెంచాతోనే పోయమన్నారు.

“ఈపాలి వొస్తాదా మావా?” అంది.

“వొస్తాది. రాకపోతే మీ నాన్న మీద ఒట్టు.”

“మా నాన్న మీద నువ్వెందుకు ఒట్టేస్తావు, నీ నాన్న నేడా?” అంది. నవ్వబోతే దగ్గొచ్చింది.

రోజు 6,234

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. కానీ గాలి పుస్తకంలో ప్రమాదం రాయకపోవడం నేరం, పైగా ప్రమాదం చేసింది గాలి మనిషే.

ఉదయం పదకొండు గంటలకి గాలి యంత్రం వెనక ఒక సీసా పేలింది.

పైన సీసా పేలితే చుట్టుపక్కల వాళ్లు తిరిగి చూసి తిడతారు. అడుగూర్లో ‘ఠప్’ మని శబ్దం వచ్చిందంటే గోడ పగిలిందని అర్థం. పుట్టిన పిల్లలకి నడకతో పాటే అది నేర్పిస్తారు. నీళ్లు ఆపే తలుపులన్నీ వాటంతటవే మూసుకుపోయాయి. గంట మోగింది. నాలుగు వందల మంది గాలి తొడుగులు వేసుకుని, నీళ్లు ఆఖరున చేరే ఎత్తు గదిలోకి పరిగెత్తారు. గోడ కాదు, సీసా అని నేను అరుస్తూనే ఉన్నాను. ఆ గంట ముందు నా గొంతెవరికి వినపడుతుంది?

పైడమ్మని స్ట్రెచర్ మీద ఎత్తుకెళ్లారు. మెట్ల మీద ఒకరినొకరు తోసుకుంటుంటే స్ట్రెచర్ కుదుపులకి దగ్గు పట్టుకుంది. రెండు గంటల పాటు ఆగలేదు. తలుపులు తెరిచేసరికి నోట్లో రక్తం కనిపించింది. గొంతు లోపల వాచిందని, ఇక నీళ్లు కూడా దిగవని డాక్టర్ గారు చెప్పారు. ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

త్రినాథ్ గారు సీసా ముక్కలు పట్టుకుని వచ్చారు.

“దీనికోసమేనా ఆ రోజు అడిగారు?”

“అవును బాబూ.”

“నాలుగు వందల మంది చచ్చిపోతామనుకున్నారు ఎల్లాజీ గారూ. మా అమ్మ ఎత్తు గదిలో దేవుళ్లందరికీ దండాలు పెట్టుకుంది.”

మిగిలిన రెండు సీసాలూ, ఈస్టూ, పంచదారా తీసుకెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, పైడమ్మ వైపు చూసి, “క్షమించండమ్మా” అన్నారు. ఆయనెందుకు అన్నారో మరి. అనవలసింది నేను.

రోజు 6,235

ప్రాణవాయువు సరిగ్గా ఉంది. మిగతావి చూడలేదు.

పైడమ్మ పెదాలు తడి గుడ్డతో అద్దుతున్నాను. మాట గుసగుసగానే వస్తోంది. సోడా ఊసు ఎత్తలేదు. నా పరువు కాపాడుతోందని తెలుసు. సోడా అడిగిన మనిషికి నేను నీళ్లు కూడా మింగలేని గతి పట్టించాను. డాక్టర్ గారు ఇది ఎలాగూ వచ్చేదేనన్నారు. ఎలాగూ వచ్చేదే కావచ్చు, కానీ నా చేతుల మీదుగా, మూడు రోజులు ముందుగా వచ్చింది.

రోజు 6,240

పైడమ్మ నిన్న పోయింది. నాలుగు రోజులుగా పుస్తకం ముట్టుకోలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను, ఆ తర్వాత ఈ పేజీలో మళ్లీ ‘ఏమీ లేవు’ అనే రాస్తాను.

6,236వ రోజు పొద్దున్న కొర్లమ్మ ఖాళీ క్యాను పట్టుకుని వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, పైడమ్మ నిద్రపోతోందని చూసి గొంతు తగ్గించింది.

“అన్నియ్యా, మీ కాడ ఇంకేటి నేదా?”

“ఏటి?”

“అదే, నువ్వు పారబోసీ తీపి నీల్లు. సెపితే కోప్పడతావేమోనని సెప్పనేదు గాని, నాను తోటలకి పోయ్యనేదన్నియ్యా. మొదటి దినం క్యానుకి అంటుకుందని ఏలెట్టి నాకితే, బాబోయ్, నాలిక్కి సూదులు గుచ్చినట్టు సురుక్కుమంది! ముక్కులోకెక్కీసింది. నాచు తోటలోల్లకి తలా గుక్కెడిచ్చాను. ఆల్లు రోజూ అడుగుతన్నారు. అందులో ఏటేస్తావు, మిరపకాయా?”

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆవిడ చేతిలోని క్యాను లాక్కుని లోపలికి చూశాను.

“ఇంకా ఉందా?” అని అడిగాను.

ఒక సీసాడు మూత బిగించి దాచుకుందట. పరిగెత్తుకెళ్లి తెచ్చింది. సీసా ఎంగిలి కాకుండా గ్లాసులో కొంచెం పోసుకుని, మొదటిసారి నోట్లో వేసుకున్నాను.

ఒక్క బుడగ లేదు. చిన్న చప్పుడు లేదు. కానీ నాలుక మీద పెట్టగానే చురుక్కుమంది. కొస నుంచి మొదలుదాకా మంటెత్తి, ముక్కులోకెక్కి, కళ్లంట నీళ్లొచ్చాయి. భీమిలి బస్టాండులో తాగినదే, అచ్చంగా అదే. నాలుక్కి చురుకు తెచ్చేది బుడగ కాదు, నీళ్లలో కరిగిన గ్యాసు. అది మొదటి సీసా నుంచీ అన్నిట్లోనూ ఉంది. పైడమ్మ చెయ్యి చాచితే అందేంత దూరంలో, ఆవిడ ఇంకా మింగగలిగిన రోజుల్లో ఉంది. గ్యాసంతా పోయిన సీసా ఒక్కటే ఉంది లోకంలో. సరుకుల గొట్టంలో నా కళ్ల ముందు పొంగి, ఉన్నదంతా వదిలేసిన సీసా. వెతికి వెతికి దాన్నే పట్టుకెళ్లి ఆవిడ చేత తాగించాను. మంచివి ఎనిమిది, నా చేతులతో వంచేశాను.

కొర్లమ్మ నా ముఖం చూసి భయపడింది. “తప్పు సేసానా అన్నియ్యా?” అంది.

“నువ్వు కాదమ్మా,” అన్నాను.

పైడమ్మ లేచేదాకా మంచం పక్కన కూర్చున్నాను. డాక్టర్ గారిని అడిగితే, మింగలేరు గానీ చుక్క నాలుక మీద వేసి గుడ్డతో అద్దేయొచ్చన్నారు. శుభ్రమైన దూది ముంచి, ఆవిడ నాలుక కొస మీద ఒక్క చుక్క వేశాను.

మొదట ఏమీ లేదు. తర్వాత కనుబొమలు ముడిపడ్డాయి. చింతకాయ కొరికిన చిన్నపిల్లలా ముఖమంతా ముడుచుకుంది. కళ్లు పెద్దవి చేసి నన్ను చూసింది. రెండు కళ్లలోంచీ నీళ్లు కారాయి. ఆర్నెల్లలో ఆ ముఖంలో అంత ప్రాణం నేను చూడలేదు.

ఇంకా కావాలని చేత్తో సైగ చేసింది. ఇంకో చుక్క వేశాను.

“వొచ్చీసింది,” అంది గుసగుసగా. “మావా, వొచ్చీసింది. సోడా.”

“అవునే.”

“సప్పుడయ్యిందా?”

ముప్ఫై నాలుగేళ్ల కాపురంలో పైడమ్మతో నేను చెప్పిన అబద్ధాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చెప్పిన ప్రతిదీ పట్టుకుంది. ఇది మాత్రం పట్టుకోలేదు.

“అయ్యింది,” అన్నాను. “సిటపటలాడిపోనాది. నువ్వు నిద్దట్లో ఉన్నావు.”

కళ్లు మూసుకుని, తృప్తిగా తలాడించింది. చాలాసేపటికి నా చెయ్యి పట్టుకుంది. ఈసారి మెల్లగానే పట్టుకుంది.

“సూసావా మరి,” అంది. “ఎంత మంచి పని సేసేమో. అవన్నీ పారబోసాం కాబట్టి ఇది వొచ్చింది. నేకపోతే ఆ సప్పిటివే తాగీసి, సోడా అంటే ఇంతేననీసుకుందుము.”

అవునన్నాను. దూది మళ్లీ ముంచాను.